మధ్యలోంచి వెలిగించిన గీత

"మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా మీరెక్కడున్నారు ఆంటీ?"

"చెప్పను."

అడగడం ఇది మూడోసారి. డిటెక్టివ్ సార్జెంట్ డెస్ హాలోరన్ పెన్ను కమ్యూనిటీ హాలు బల్ల మీద పడేసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఎదురుగా కోరల్ బ్రిండల్ తన మాంసం పఫ్ మీద టమాటా సాస్ పిండుకుంటోంది, ఏదో పిక్నిక్‌కి వచ్చినట్టు. ఈ దేశానికి తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడి కొండల్లోనే ఉన్న ఆదివాసీ కుటుంబం ఆమెది. టారండేల్ ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆంటీయే. అరెస్టు చేయడానికొచ్చిన పోలీసు నోటికి కూడా ఇంకో పిలుపు రాదు.

"ఐదింటికి మా ఇన్‌స్పెక్టర్ కేసు రాసేస్తాడు. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు హాలోరన్. "మీరు ఆ టైంలో కొండ మీద లేరని ఒక్క మనిషి చెప్తే చాలు."

"ఒక్కరేం ఖర్మ, నాతో పదకొండు మంది ఉన్నారు."

"మరి చెప్పించండి!"

"అందరూ ఆడవాళ్ళు. అది ఆడవాళ్ళ పని, ఆడవాళ్ళ చోటు. అక్కడ ఏం జరిగిందో, అసలు అదెక్కడుందో మగవాడి చెవిన పడకూడదు. నువ్వు మగాడివే కదా నాయనా? లేక రిటైరయ్యావా?"

"లేడీ కానిస్టేబుల్‌ని పంపిస్తాను."

"ఆ పిల్లకీ ఆ చోటుకీ ఏం సంబంధం? దానికి చెప్పినా తప్పే. మా అమ్మ నాకు చెప్పింది, నేను నా మనవరాళ్ళకి చెప్పాను. మధ్యలో పోలీసు ఫైలు లేదు."

"జైల్లో పెడితే?"

"పెట్టు. అక్కడా ఆడవాళ్ళే కదా ఉండేది, నాకేం తోచకపోదు."

హాలోరన్‌కి ఒళ్ళు మండింది. మండినా ఆమె మీద గౌరవం పెరిగింది. అబద్ధమాడాలనుకున్న మనిషి ఇంతకంటే సులువైన అబద్ధం ఆడుతుంది.

జరిగింది ఇదీ. మంగళవారం మధ్యాహ్నం శాడిల్ రోడ్డు కింది వాలులో అడవి అంటుకుంది. మూడు ఇళ్ళు, ఒక గొర్రెల షెడ్డు బూడిదయ్యాయి. ప్రాణాలు పోలేదు, అంతవరకు అదృష్టం. అంతకు నాలుగు రోజుల ముందు అదే వాలు అడుగున కోరల్ బృందం చిన్న మంట పెట్టి ఎండుగడ్డి కాల్చింది. ఎండలు ముదరకముందే తర్వాత పెద్ద మంటకి మేత మిగలకుండా నేలను చల్లటి చిన్న నిప్పుతో శుభ్రం చేయడం వాళ్ళ తాతముత్తాతల పద్ధతి. ముప్ఫై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే పోయినేడు దానికి అనుమతి దొరికింది. ఇప్పుడు హై రేంజ్ అగ్నిమాపక మండలి దర్యాప్తు అధికారి క్రెయిగ్ మెల్డ్రమ్, ఆ మంటలో మిగిలిన దుంగే మళ్ళీ రాజుకుందని రిపోర్టు ఇచ్చాడు. మంగళవారం పదకొండు ప్రాంతాల కోరల్ మళ్ళీ వచ్చి దాన్ని కెలికి ఉంటుందని కూడా అందులో రాశాడు. అనుమతి ఆపేశారు. కేసు కూడా పడితే కోరల్ జైలుకెళ్ళడంతో పోదు. ఈ కొండల్లో ఆ పద్ధతికి మళ్ళీ ఎవరూ తలుపు తీయరు.

"పోనీ ఇది చెప్పండి," అన్నాడు హాలోరన్. "మీరు నిప్పు ఎలా పెడతారు?"

"ఒక్కచోట. ఒక్క పుల్ల. అది గుండ్రంగా, నింపాదిగా పాకుతుంది. చీమా పురుగూ చెట్టెక్కడానికి టైమివ్వాలి కదా, వాటికీ సంసారాలుంటాయి. నిప్పు వెనకాల నడుస్తాం. అది ఆగితే మేమూ ఆగి టీ తాగుతాం."

"దుంగలుంటే?"

"ముందే చుట్టూ దంతెతో గీకి మట్టి తేలుస్తాం. నేను గీకించని దుంగ ఆ వాలులో ఒక్కటి చూపించు, నువ్వు చెప్పిన కాగితం మీద సంతకం పెడతా."

హాలోరన్ లేచాడు. బయట వరండాలో డాక్టర్ రోవన్ ఆష్బీ కూర్చుని ఉన్నాడు. అడవి మంటల మీద ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న పెద్దమనిషి. కాలిపోయిన వాలు మొత్తం ఆయన ప్రయోగ భూమే. కోరల్‌కి అనుమతి ఇప్పించడానికి మండలి ముందు గట్టిగా మాట్లాడిందీ ఆయనే.

"కోరల్ అజాగ్రత్త మనిషి కాదు సార్జెంట్," అన్నాడు ఆష్బీ. "కానీ దుంగలు మన మాట వినవు. లోపల రోజుల తరబడి కాలుతూనే ఉంటాయి."

సాయం చేస్తున్నట్టే ఉంది, తాడు బిగిస్తున్నట్టూ ఉంది.

"మీకు బాగా నష్టమే జరిగినట్టుంది."

"వేడి కొలిచే పరికరాలన్నీ పోయాయి. స్తంభాలు తప్ప ఏమీ మిగల్లేదు, పెట్టెలన్నీ కరిగిపోయాయి." ఆష్బీ థర్మాస్ మూత తిప్పుతూ తల దించుకున్నాడు.

*

వాలు అడుగున మెల్డ్రమ్ ఎర్ర జెండా గుచ్చిన దుంగ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వయసులో హాలోరన్ కంటే పదేళ్ళు చిన్న, జీతంలో రెండు మెట్లు పెద్ద. రెండేళ్ళ కిందట ఇంకో కేసులో ఇద్దరూ చెరో మాట చెప్తే కోర్టు మెల్డ్రమ్ మాటే నమ్మింది. ఆ సంగతి అతను మర్చిపోడు, ఇతన్ని మర్చిపోనివ్వడు.

"వచ్చావా సార్జెంట్. మోకాళ్ళు పనిచేస్తున్నాయా?"

"కళ్ళు పనిచేస్తున్నాయి. చాలు."

"అయితే చూడు, ఇదే నీ నేరస్తుడు. పొద్దున గాలి లేనప్పుడు ఈ దుంగలోంచి నిప్పు లేచింది. నిప్పుకి పైకెక్కడం అలవాటు కదా, మెల్లగా వాలెక్కి రోడ్డు దాకా పోయింది. మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచి నిప్పురవ్వల్ని ఊరి వైపు విసిరింది. నా రిపోర్టులో అంతా ఉంది."

వినడానికి బాగుంది. నిప్పు పైకెక్కుతుందని బడిపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఇన్‌స్పెక్టర్ తల ఊపేశాడు.

హాలోరన్ మోకాళ్ళ మీద కూలబడి దుంగ చుట్టూ చూశాడు. కోరల్ గీకించిన మట్టి వలయం తెగకుండా అలాగే ఉంది. దుంగకి రోడ్డు వైపున్న పక్క బొగ్గయింది. ఊరి వైపు పక్కన బెరడు కూడా చెదరలేదు.

"లోపల్నుంచి రాజుకున్న దుంగ ఒక పక్కే ఎందుకు కాలింది క్రెయిగ్?"

"గాలి సుడి తిరిగి ఉంటుంది."

"గాలి లేనప్పుడు లేచిందన్నావు ఇప్పుడే."

హాలోరన్ లేచి వాలెక్కడం మొదలుపెట్టాడు. పది అడుగులకోసారి ఆగి ఒక రాయి తిప్పాడు. ప్రతి రాయికీ రోడ్డు వైపు మొహం మసిబారింది, ఊరి వైపు మొహం తెల్లగా ఉంది. రాళ్ళ వెనక దాక్కున్న గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. చెట్ల మొదళ్ళకి మసి ఊరి వైపే ఎత్తుగా పాకింది. గాలి నిప్పుని చెట్టు చుట్టూ తిప్పి వెనక్కి లాగితేనే అలా పడుతుంది.

"ఆకులు చూశావా?" అని ఒక కొమ్మ వంచాడు. వేడికి మాడి బిగుసుకుపోయిన ఆకులన్నీ ఒకే దిక్కుకి, దక్షిణానికి చూస్తున్నాయి. "నిప్పు దాటేటప్పుడు గాలి ఎటు తోస్తే ఆకు అటే బిగుసుకుపోతుంది. ఇక్కడ నిప్పు దాటినప్పుడు ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. వాతావరణం వాళ్ళ లెక్కలో ఆ గాలి పన్నెండు దాటాకే వచ్చింది. పొద్దున మెల్లగా ఎక్కిన నిప్పు ఏదీ ఇక్కడ లేదు. నిప్పు దిగింది క్రెయిగ్. రోడ్డు మీంచి దిగింది."

"ఆకుల్ని కోర్టులో సాక్ష్యం చెప్పమంటావా?"

"నువ్వు చెప్పినదానికంటే అవే నిలకడగా ఉన్నాయి."

సగం వాలులో ఆష్బీ స్తంభాలు కనిపించాయి. మనిషెత్తు ఇనుప గొట్టాలు, వరసగా, నిలువెల్లా నల్లబడి. హాలోరన్ ఒకదాని దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. రొమ్ము ఎత్తున గొట్టం మీద అరచేయంత చోటు మాత్రం మెరుస్తోంది. చుట్టూ మసి, మధ్యలో మసి అంటని నలుచదరం. పక్కన రెండు బోల్టు రంధ్రాలు, మరలు కొత్తగా గీసుకుపోయి ఉన్నాయి. రెండో స్తంభమూ అంతే. మూడోదీ అంతే.

పెట్టె కరిగిపోయి ఉంటే కరిగిన ముద్ద మిగలాలి. ముందే తీసేసి ఉంటే ఆ చోటు కూడా నల్లబడాలి. నిప్పు దాటుతున్నంతసేపూ పెట్టెలు ఇక్కడే ఉన్నాయి. చల్లారాక ఎవరో వచ్చి స్పానరుతో విప్పుకుపోయారు.

"మంగళవారం సాయంత్రం నుంచి ఈ వాలులో అడుగుపెట్టింది ఎవరు?" అన్నాడు హాలోరన్.

"నేను. ఆధారాలు చెదరకూడదని ఎవర్నీ రానివ్వలేదు."

"బాగా కాపలా కాశావు."

రోడ్డుకి ఇరవై గజాల దూరంలో పసుపు టేపు కట్టి ఉంది. ప్రవేశం లేదు. వాలంతా కలియదిరిగిన మెల్డ్రమ్ టేపు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"అక్కడేం లేదు సార్జెంట్. నీళ్ళ ట్యాంకర్ల వాళ్ళు తొక్కేస్తారని కట్టించాను."

"ఏమీ లేని చోటుని ఎందుకు తొక్కనివ్వలేదు?" హాలోరన్ టేపు కిందనుంచి దూరాడు.

ఎవడో సిగరెట్టు పడేస్తే, పిచ్చివాడొకడు అగ్గిపుల్ల గీస్తే కాలిన నేల ఒక మొనలోంచి మొదలై విసనకర్రలా విచ్చుకుంటుంది. ఆ మొన కోసం వెతికాడు. దొరకలేదు. రోడ్డంచు పొడుగునా కాలిన నేల స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా మొదలైంది. అంత పొడుగు గీత ఒక్కసారిగా అంటుకుంది.

కంకర మీద నల్లటి మచ్చలు. చిక్కుడు గింజంత, అడుగుకొకటి. వేలితో గీకి వాసన చూశాడు. డీజిల్, పెట్రోలు కలిపిన వాసన ఇంకా వదల్లేదు. నిప్పుక్యాను. మంటల పని చేసే ప్రతివాడి బండిలోనూ ఉంటుంది. మూతికి ఒత్తి ఉంటుంది, వంచి నడుస్తూ పోతే నిప్పు బొట్లు బొట్లుగా రాలుతుంది. నడిచేవాడి ఊపుకి ప్రతి బొట్టుకీ ముందువైపు సన్నటి తోక వస్తుంది.

తోకలు పడమరకి చూస్తున్నాయి. హాలోరన్ వాటికి ఎదురు నడిచాడు. నడిచి నడిచి ఒకచోట ఆగి, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు. అక్కడి నుంచి తోకలు తూర్పుకి తిరిగాయి.

దొరికిందన్న సంతోషానికి తనకే నవ్వొచ్చింది.

"క్రెయిగ్, ఇలా రా. రావా? సరే, అక్కడి నుంచే విను. ఎదురు మంట పెట్టే ఫైర్‌మన్ గీతని ఒక కొస నుంచి మొదలుపెడతాడు, తప్పించుకునే దారి వెనక ఉంచుకుని. కోరల్ ఆంటీ ఒక్క చుక్క పెట్టి టీ తాగుతుంది. ఇక్కడ ఇద్దరు మనుషులు వీపుకి వీపు ఆనించి మధ్యలో నిలబడ్డారు. ఒకడు తూర్పుకి, ఒకడు పడమరకి నడిచారు. ఎందుకంటే గీత మొత్తం ఒకేసారి అంటుకోవాలి. చిన్న మంట పెద్దదయ్యేదాకా ఆగే ఓపిక వాళ్ళకి లేదు, పుట్టగానే పెద్ద మంట కావాలి. అలా వెలిగించేవాళ్ళని జీవితంలో ఒక్కచోటే చూశాను. ఫైర్ వాలంటీరుగా ఉన్నప్పుడు నీళ్ళ పైపు పట్టుకుని కాపలా నిలబడ్డాను. మంటల వేగం కొలిచే శాస్త్రవేత్తల ప్రయోగంలో."

"ఆ ట్రైనింగు యాభైమందికి ఉంది."

"పెట్టెలు విప్పుకుపోయే తీరిక యాభైమందికి లేదు. నీ బండి డిక్కీ తెరువు."

"వారెంటు తెచ్చుకో." మెల్డ్రమ్ గొంతు గట్టిగానే ఉంది. "నువ్వెప్పుడూ ఇంతే. మూడు మచ్చలు కనిపిస్తే కథ అల్లేస్తావు. పోయినసారి జడ్జి ఏమన్నాడో గుర్తుందా? ఆ ముసలామె నోరు విప్పదు, నీ దగ్గర మనిషి సాక్ష్యం లేదు. సాయంత్రం ఐదింటికి..."

అతని మాట సగంలో ఆగిపోయింది. అతను హాలోరన్ వైపు చూడటం లేదు. హాలోరన్ భుజం మీదుగా, గీత తూర్పు కొస వైపు చూస్తున్నాడు.

హాలోరన్ వెనక్కి తిరిగాడు. గీత అయిపోయిన చోట బండి పట్టేంత మట్టిబాట. బాటకి ఇవతల కాలిన నేల. అవతల ఇరవై ఏళ్ళుగా నిప్పు తగలనివ్వకుండా పెంచిన అడవి, నడుమెత్తు ఎండుపొద, చెట్ల నిండా పీచు పీచుగా వేలాడే బెరడు. ఆ అడవిలో, బాటకి అవతల, నేలలోంచి నీలంగా సన్నటి పొగ లేస్తోంది.

"మొద్దుల వేళ్ళు," అన్నాడు మెల్డ్రమ్. "బాట కిందనుంచి కాలుకుంటూ పోయాయి."

"నిప్పు ఆరాక ట్యాంకర్లు అంచులన్నీ తడపాలి కదా. ఈ అంచు ఎవరు తడిపారు?"

మెల్డ్రమ్ పసుపు టేపుని చూశాడు. తను కట్టించిన టేపు. మూడు రోజులుగా ఒక్క ట్యాంకరునీ దాటనివ్వని టేపు.

"రేపు పొద్దున పడమటి గాలి," అన్నాడు. గొంతులో గట్టితనం ఎటు పోయిందో పోయింది. "ఈ అడవికి తూర్పు దిగువన ఊరి మొదటి వీధి... మా అమ్మ ఉంటుంది సార్జెంట్. వీల్‌చైర్లో."

హాలోరన్ రేడియోలో ట్యాంకరుని పిలిచాడు, ఆ వీధిని ఖాళీ చేయించమన్నాడు. పిలిచి అతని పక్కకొచ్చి నిలబడ్డాడు. అడగాల్సిన పని లేకపోయింది.

"తూర్పు సగం నాది. పడమర సగం ఆష్బీది. ఆయన లెక్క తప్పదని నమ్మి వెళ్ళాను. పెట్టెలు నా బండిలోనే ఉన్నాయి," అన్నాడు మెల్డ్రమ్.

*

కమ్యూనిటీ హాలు వరండాలో ఆష్బీ ఇంకా అక్కడే ఉన్నాడు. మెల్డ్రమ్ మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. థర్మాస్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కోరల్ గుమ్మంలోకి వచ్చింది.

"ఎండ, గాలి భయంకరంగా ఉన్న రోజుల్లో ప్రయోగానికి ఎవరూ అనుమతివ్వరు సార్జెంట్," అన్నాడు ఆష్బీ. "కానీ మనుషుల్ని చంపే మంటలు ఆ రోజుల్లోనే వస్తాయి. ఊళ్ళు ఎప్పుడు ఖాళీ చేయాలో మేము ఊహించి చెప్తున్నాం, ఊహించి! ఒక్క మంటని సరిగ్గా కొలిస్తే వెయ్యిమందిని కాపాడొచ్చు. నా లెక్క తప్పలేదు. మంట కోరల్ కాల్చిన చోటుకొచ్చి ఆగిపోతుందన్నాను, ఆగిపోయింది. బెరడు రవ్వలు ఆ చోటు దాటి ఇళ్ళ దాకా ఎగురుతాయనుకోలేదు."

కోరల్ నెమ్మదిగా మెట్టు దిగింది.

"నా పని మీద నీకంత నమ్మకమా రోవన్?"

ఆష్బీ థర్మాస్ వైపు చూపు తిప్పుకున్నాడు.

"ఊరి ప్రాణాలు దాని మీద పెట్టేంత నమ్మకం! నాకింతవరకు ఎవరూ ఇంత పెద్ద సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇచ్చి, ఆ చేత్తోనే నన్ను జైలుకి తోశావా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "నా మనవరాలు మూడు రోజులుగా బడికి పోవట్లేదు. ఇళ్ళు కాల్చినోళ్ళ పిల్ల అంటున్నారని."

ఆష్బీని లేడీ కానిస్టేబుల్ కారు దగ్గరికి తీసుకెళ్ళింది. హాలోరన్ గొంతు సవరించుకున్నాడు.

"మీ మీద కేసు లేదు ఆంటీ. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను. ఇంటికెళ్ళిపోవచ్చు. కానీ..." పొగ సంగతి చెప్పాడు. ట్యాంకరు వెళ్ళిందని, వేళ్ళు ఎక్కడిదాకా పాకాయో ఎవరికీ తెలియదని, రేపటి గాలి సంగతీ చెప్పాడు.

ఆమె అంతా విని ఊరి వైపు చూసింది. "ఆ అడవి అడుగున, ఇళ్ళ కంచెల పొడుగునా వాగు గట్టు నీడ ఉంది. ఎండ తప్పుకుంది, చెమ్మకి గడ్డి మెత్తబడుతుంది. ఇప్పుడు మొదలుపెడితే గాలొచ్చేలోపు ఇళ్ళకీ అడవికీ మధ్య ఒక పట్టీ కాల్చేయొచ్చు. కానీ నాకు అనుమతి లేదుగా?"

"ఆపింది నేనే," అన్నాడు మెల్డ్రమ్. "ఇప్పుడు నా మాటకి విలువ లేదు."

"నా మాటకి ఉంది," అన్నాడు హాలోరన్. "వెలిగించండి. ఎవరైనా అడిగితే పోలీసు చెప్పాడనండి, నా పేరు పెట్టి చెప్పండి."

కోరల్ అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఫర్వాలేదు, రిటైరవలేదు," అంది. ఫోను తీసి తన బృందానికి నాలుగు మాటల్లో చెప్పింది. తర్వాత మెల్డ్రమ్ వైపు తిరిగింది. అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఏడిస్తే రేపేడువు. ఇవాళ నాకు మనుషులు చాలరు. దంతె పట్టడం వచ్చా?"

"వచ్చు."

"మీ అమ్మ కంచె దగ్గర మొదలుపెట్టు. కనిపించిన ప్రతి దుంగ చుట్టూ మట్టి తేలేదాకా గీకు. ఈ పోలీసు నీ పక్కనే ఉంటాడు, పారిపోవాలన్నా పోలేవు."

గంటలో పన్నెండు మంది కంచెల వెంబడి పరుచుకున్నారు. ఖాకీ బట్టల్లో కొందరు, వంటింటి ఏప్రాన్లు విప్పకుండా వచ్చినవాళ్ళు కొందరు. మంగళవారం ఇల్లు కాలిన రైతొకడు కూడా పార పట్టుకుని వచ్చాడు, కోరల్ మొహం చూడలేక చూస్తూ. ఆమె అతనికీ ఒక దుంగ చూపించింది. ఒక్క పుల్ల గీసి గడ్డి మొదట్లో పెట్టింది. మంట చీలమండ ఎత్తు దాటకుండా, గుండ్రంగా, తీరిగ్గా పాకడం మొదలుపెట్టింది. చీమలు బారులుగా చెట్లెక్కుతున్నాయి.

హాలోరన్ నడుము పట్టుకుని నిలబడి చూశాడు. చాలా రోజుల తర్వాత నిప్పుని చూస్తే భయం వేయలేదు.

అప్పుడు కోరల్ తలెత్తింది. తన మంట పొగ నిట్టనిలువుగా లేస్తోంది. పైన కొండంచున పొగ ఇప్పుడు మూడు పాయలైంది. ఆ మూడూ నిలువుగా లేవు. మూడూ తూర్పుకి, ఊరి వైపుకి వాలి ఉన్నాయి.

"రేపు పొద్దున కదా గాలి?" అన్నాడు మెల్డ్రమ్.

"పైన అప్పుడే వచ్చేసింది," అంది కోరల్. "కిందకి దిగడానికి రెండు గంటలు పట్టొచ్చు, గంటే పట్టొచ్చు. మనకి గంటన్నర కావాలి."

ఎవరూ పార కింద పెట్టలేదు. ఆమె పది అడుగులు ముందుకి నడిచి, వంగి, రెండో చుక్క వెలిగించింది.